సెల్లార్ నీళ్లలో దిగేముందు

చి. శ్రీవల్లికి, మావయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్‌కి నువ్వు సెక్రటరీవయ్యావనీ, సెల్లార్‌లో మోకాళ్ల లోతు నిలిచిన వాన నీళ్లని రేపు నువ్వే దిగి తోడిస్తానన్నావనీ మీ అమ్మ చెప్పింది. పదిమంది పనికి ముందుకొచ్చావని మురిసిపోయాను. కానీ 'నువ్వే దిగి' అన్న మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది.

కరెంటు తీయకుండా ఆ నీళ్లలో కాలు పెట్టావో, చూడు! రబ్బరు చెప్పులున్నాయిగా అనకు. చాలాచోట్ల మీటర్లూ మెయిన్ స్విచ్చూ సెల్లార్‌లోనే ఉంటాయి, అవి ఆపాలన్నా నీళ్లలోనే నడవాలి. కరెంటు డిపార్ట్‌మెంట్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి బయటి నుంచే సరఫరా తీయించు. జనరేటర్, ఇన్వర్టర్ కూడా ఆపాలి. ఆ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైనవాణ్ణి, చాదస్తమనుకున్నా సరే.

డీజిల్ పంపు తెస్తే ఇంజన్ రోడ్డు మీదే ఉండాలి, పైపు మాత్రమే లోపలికి. మూసుకున్న సెల్లార్‌లో ఆ పొగ ప్రాణం తీస్తుంది. మునిగిన బండ్లు స్టార్ట్ చేయొద్దని గ్రూప్‌లో పెట్టు.

నీళ్లు పోగానే వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారట కదా? కాస్త ఆగండి. మలక్‌పేటలో మేమున్న ఫ్లాట్స్‌లో అదే జరిగింది. ఏటా వానాకాలం గోడ అడుగు నుంచి నీరు ఊరేది. తలా ఇంత వేసుకుని లోపలివైపు కోటింగ్ కొట్టించారు. మరుసటి ఏడు గోడ పూరీలా పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. బయట మట్టిలో నిలిచిన నీరు గోడను నెడుతుంటే లోపల పూసిన పూత ఏం ఆగుతుంది? కాంట్రాక్టర్ ఫోనెత్తలేదు. అసోసియేషన్ మీటింగ్‌లో అరుపులు. మీ అత్త మాత్రం ఎండ కాసిన రోజు మేడ మీది వాన గొట్టంలో బట్టల నీలిమందు కలిపిన నీళ్లు బకెట్లకొద్దీ పోయించింది. సాయంత్రానికి సెల్లార్ గోడ మొదట్లో సన్నటి నీలి చార! గొట్టం నేల దగ్గర విరిగి, డాబా నీళ్లన్నీ పునాది పక్కనే దిగుతున్నాయి. ప్లంబర్ ఆ గొట్టాన్ని దూరంగా ఇంకుడు గుంతకి కలిపాక ఊట ఆగింది. ఇప్పటికీ ఏ గొడవొచ్చినా మీ అత్త ఆ మాటే తీస్తుంది, ఒక్కటీ గెలవలేను.

మీకూ ఊటేనో, ర్యాంపు మీంచి రోడ్డు నీళ్లు దిగుతున్నాయో, డ్రైనేజీ వెనక్కి తంతోందో ముందు తేల్చుకో. ర్యాంపు నీళ్లయితే పైన చిన్న గట్టు, అడ్డంగా జాలీ కాలవ సరిపోవచ్చు.

వాన పడుతుండగా బండి తీస్తానని ఎవరినీ కిందికి పోనివ్వకు. 2024 జులైలో ఢిల్లీలో ఓ కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద దూరి ముగ్గురు పిల్లలు పోయారు. మీ వాచ్‌మన్ కుటుంబం ఉండేదీ కిందేగా? వానలు తగ్గేదాకా వాళ్ల పడక పైకి మార్పించు. 'పర్లేదమ్మా' అంటారు, వినకు.

లైన్‌మన్ రాగానే ఫోన్ అతనికివ్వు, నేను మాట్లాడతా. నువ్వు ఆ మెట్ల మీదే ఉండు తల్లీ.

మీ మావయ్య