గుట్టమీది కోట ఊరు మోంతెరిజ్జోని

ప్రశ్న: ఇటలీలో ఫ్లారెన్స్ నుంచి సియెనా వెళ్లే దారిలో ఉన్న మోంతెరిజ్జోని కోటకు ఒక పూట కేటాయించవచ్చా? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి.

జవాబు: తప్పక కేటాయించండి, రోజంతా అక్కరలేదు. ఫ్లారెన్స్‌ను నిలువరించేందుకు సియెనా పాలకులు 13వ శతాబ్దపు తొలినాళ్లలో కట్టించిన ఈ కోటగోడ చుట్టుకొలత సుమారు 570 మీటర్లే అయినా, దానిపై లేచిన బురుజులు ఎంత గంభీరమైనవంటే, మహాకవి డాంటే తన కావ్యంలోని నరకఖండంలో అగాథం చుట్టూ నిలిచిన మహాకాయులను వాటితోనే పోల్చాడు. ఇంతటి కోట 1554లో ఫ్లారెన్స్ పక్షానికి పోరు లేకుండానే దక్కింది, దళాధిపతే అప్పగించాడు! వాహనాలను గుట్ట దిగువనే నిలిపి కొంత ఎత్తు ఎక్కాలి. గోడపై నడక టికెట్టుతో, మెట్ల మీదుగా సాగుతుంది కాబట్టి, అత్తగారిని చర్చి ఎదుటి చౌకులో కూర్చోబెట్టి మీరు ఎక్కిరావడం మేలు.