అర్ధరాత్రి గోల్ఫ్ కోర్సు చెరువులో దిగాను, ఇప్పుడు జ్వరం తగ్గట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. రెండేళ్ళుగా షుగర్ ఉంది, టాబ్లెట్లు అప్పుడప్పుడు మానేస్తుంటా. ఆగస్టులో నలుగురు ఫ్రెండ్స్‌తో థాయ్‌లాండ్‌లో హువా హిన్ వెళ్ళాం. రిసార్ట్ పక్కనే గోల్ఫ్ కోర్సు ఉంటే రాత్రి ఒంటిగంటకి బీర్లు తాగి ఫెన్సింగ్ దూకి లోపలికెళ్ళి ఫోన్ టార్చ్‌లు వేసుకుని ఆడాం. బాల్స్ చెరువులో పడితే నేనూ ఇంకో ఫ్రెండూ చెప్పుల్లేకుండా నడుంలోతు దిగి వెతికాం, గట్టెక్కేటప్పుడు జారి మోకాలి కింద దోక్కుపోయింది. తర్వాత కార్ట్ నడుపుతూ మలుపులో పడ్డాం, తలకి బొప్పి కట్టింది. అది జరిగిన 9వ రోజు నుంచి చలిజ్వరం, ఇప్పటికి నాలుగు రోజులు, 102 దాకా పోతోంది. షాపులో అజిత్రోమైసిన్ తెచ్చుకుని మూడు రోజులు వేసుకున్నా. క్లినిక్‌లో వైరల్ అన్నారు. చెరువు సంగతి అక్కడ చెప్పలేదు, ఇంట్లో కూడా తెలీదు. భయపడాలా?

జవాబు: ముందు ఒక మాట, ఈ రోజే హాస్పిటల్‌కి వెళ్ళండి, రేపటికి వాయిదా వేయొద్దు. క్లినిక్ కాదు, ల్యాబ్ ఉన్న పెద్ద హాస్పిటల్, జనరల్ ఫిజీషియన్ దగ్గరికి. అక్కడ కూర్చోగానే చెప్పాల్సింది జ్వరం గురించి కాదు, ఆ చెరువు గురించి. మీకు వైరల్ అని చెప్పిన డాక్టర్ని నేను తప్పు పట్టలేను, ఎందుకంటే మీరు ఆయనకి సగం కథే చెప్పారు, జ్వరం అందరికీ ఒకేలా ఉంటుంది, ఎక్కడ తిరిగారు ఏ నీళ్ళలో దిగారు అన్నదాన్ని బట్టే మేం ఏ పరీక్ష రాయాలో తేల్చుకుంటాం.

నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుసగా జనం చనిపోతున్నప్పుడు ఈ పేరు టీవీల్లో రోజూ వినే ఉంటారు. ఇది మట్టిలో, నిలవ నీళ్ళలో బతికే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, థాయ్‌లాండ్‌లో చాలా ఎక్కువ, ముఖ్యంగా ఈశాన్య జిల్లాల్లో వరి పొలాల్లో పనిచేసేవాళ్ళకి, కానీ మిగతా చోట్ల లేదని కాదు, 2004 సునామీ తర్వాత దక్షిణాన సముద్రం ఒడ్డున బురదనీళ్ళు మింగినవాళ్ళలో కూడా కేసులు వచ్చాయి. వానాకాలంలో పెరుగుతుంది, ఆగస్టు అక్కడ వానాకాలమే. చర్మం మీద గాటు ఉంటే చాలు లోపలికి పోతుంది, మీ కాలికి దోక్కుపోయిన చోటు ఉంది. సాధారణంగా 1 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది, మీది 9వ రోజు. వీటన్నిటికంటే పెద్ద విషయం మీ షుగర్. ఈ జబ్బు పట్టుకునేవాళ్ళలో షుగర్ పేషెంట్లే ఎక్కువ, కంట్రోల్‌లో లేకపోతే ఇంకా తొందరగా రక్తంలోకి పాకి ఊపిరితిత్తులు, లివర్, ప్రోస్టేట్ ఇలా ఎక్కడైనా చీము గడ్డలు కడుతుంది. మీకు అదే వచ్చిందని నేను అనట్లేదు, కాదని తేల్చుకునేదాకా మాత్రం ఊరుకోకూడదు.

దీన్ని తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మూత్రం, గొంతు, గాయం దగ్గర నుంచి కూడా శాంపిల్ తీస్తారు. ల్యాబ్‌వాళ్ళకి ముందే మెలియాయిడోసిస్ అనుమానం అని రాసి పంపమని డాక్టర్ని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు, ఎందుకంటే చెప్పకపోతే ఒక్కోసారి దీన్ని సూడోమోనాస్ అనే మామూలు బ్యాక్టీరియా అనుకుని పక్కన పెట్టేస్తారు, ఎక్స్‌రేలో మచ్చ కనపడితే టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడినవాళ్ళు కూడా ఉన్నారు. మీరు వేసుకున్న అజిత్రోమైసిన్ దీనికి పనిచేయదు. ఇది అని తేలితే సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ, ఏదో ఒక యాంటీబయాటిక్ కనీసం 10 నుంచి 14 రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు, తర్వాత కో-ట్రైమాక్సజోల్ టాబ్లెట్లు కనీసం 3 నెలలు, మధ్యలో బాగుంది కదా అని ఆపితే తిరగబెడుతుంది. షుగర్ టాబ్లెట్లు మానేసినట్టు ఇవి మానడం కుదరదు.

ఇంకో అనుమానం ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో దిగితే వస్తుంది, ఎక్కువగా 5 నుంచి 14 రోజుల్లో. పిక్కలు పట్టుకుంటే విపరీతంగా నొప్పి, కళ్ళు ఎర్రబడటం, పచ్చబడటం ఉంటే అది గుర్తుపెట్టుకుని చెప్పండి. రాత్రి గడ్డిలో తిరిగారు కాబట్టి స్క్రబ్ టైఫస్, అంటే గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, అది కూడా చూడాలి, బట్టలు విప్పి చంకల్లో, గజ్జల్లో, నడుం చుట్టూ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకండి, నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ చూసుకోరు. డెంగీకి ఎన్‌ఎస్‌వన్ పరీక్ష మొదటి 5 రోజుల్లోనే బాగా పట్టిస్తుంది, మీకు నాలుగు రోజులు అయిపోయాయి. మలేరియాకి స్మియర్, అంటే రక్తపు చుక్క పరీక్ష ఎలాగూ చేస్తారు. అప్పటిదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డిస్ప్రిన్ లాంటివి ముట్టుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

తల సంగతి కూడా వదిలేయొద్దు. గోల్ఫ్ కార్ట్‌కి తలుపులుండవు, మలుపులో పక్కకి ఎగిరిపడటం చాలా తేలిక, దెబ్బ తగిలిన రెండు మూడు వారాలకి కూడా లోపల మెల్లగా రక్తం చేరే అవకాశం ఉంటుంది. తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, మత్తుగా ఉండటం, ఒక చెయ్యి కాలు తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా స్కాన్ తీయించాలి. చీకట్లో ఎదుటివాడు ఎక్కడున్నాడో కనపడకుండా కొట్టారు, ఆ బాల్ 45 గ్రాముల పైచిలుకు గట్టి ముద్ద, కంటికి తగిలితే కన్ను చిట్లిపోవచ్చు, ఎవరికైనా తగిలిందని మీరు రాయలేదు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. ఆ గాయానికి టీటీ ఇంజెక్షన్ వేయించుకోలేదంటే, 5 ఏళ్ళలోపు కూడా వేయించుకుని ఉండకపోతే, అది కూడా ఈ రోజే అడగండి.

ఊపిరి ఆడకపోవడం, మాట తడబడటం, మూత్రం తగ్గిపోవడం, చెయ్యీ కాళ్ళూ చల్లబడటం మొదలైతే ఓపీ లైన్లో నిలబడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

ఇంట్లో చెప్పండి. ఫెన్సింగ్ దూకారని ఇంట్లోవాళ్ళకి కోపం రావచ్చు, కానీ ఈ రాత్రి మీకు చలి వణుకు వస్తే పక్కనున్న మనిషికి ఏం జరిగిందో తెలిసి ఉండాలి కదా, డాక్టర్ అడిగితే మీరు మత్తులో ఉన్నా వాళ్ళు చెప్పగలగాలి. అలాగే మీతో పాటు చెరువులో దిగిన ఆ ఫ్రెండ్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి. అతనికి షుగర్ ఉందా, కాళ్ళకి గాట్లు పడ్డాయా, ఒంట్లో ఎలా ఉంది అని అడగండి. జ్వరం లేకపోతే ఇంకో రెండు వారాలు చూసుకోమనండి, ఉంటే అతన్ని కూడా మీతో పాటు రమ్మనండి.