చిన్న గుంతల్లో ముందు చక్రం దగ్గర కట కట: షాకబ్జార్బర్లు మార్చాల్సిందేనా?

మీరు చెప్పిన గుర్తులు ఇవీ: 60 వేల కిలోమీటర్లు తిరిగిన స్విఫ్ట్, చిన్న గుంతల్లో ఎడమ ముందు చక్రం వైపు కట కట, పెద్ద స్పీడ్ బ్రేకర్ నెమ్మదిగా దాటితే చప్పుడే లేదు, గ్యారేజీలో రెండు షాకబ్జార్బర్లూ మార్చాలంటున్నారు. అప్పుడే డబ్బులు కట్టకండి. ఆ స్పీడ్ బ్రేకర్ సంగతే ఇక్కడ అసలు ఆధారం.

ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కి దిగితే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు పక్కల్నీ కలిపే అడ్డ కడ్డీ) మెలిపడదు, తన బుష్షుల్లో (రబ్బరు పట్టీల్లో) ఊరికే తిరుగుతుంది. ఒక చక్రం గుంతలో పడి రెండోది పడనప్పుడే బార్ మెలిపడుతుంది. ఆ బార్‌ని స్ట్రట్‌కి (షాకబ్జార్బరూ స్ప్రింగూ కలిసి ఉన్న నిలువు భాగానికి) కలిపే లింక్ రాడ్ మీద భారం పడేది కూడా అప్పుడే. రాడ్ కొసల్లోని చిన్న బాల్ జాయింట్లు (గిన్నెలో గుండులా తిరిగే కీళ్ళు) అరిగితే ఇలాగే కట కటలాడతాయి. షాకబ్జార్బర్ పోయిన బండి చప్పుడు కంటే ముందు ఊగడం మొదలెడుతుంది. బానెట్ మూలని గట్టిగా రెండు మూడుసార్లు నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. ఇంకా ఊగుతున్నా, షాకబ్జార్బర్ వెంట నూనె కారి దుమ్ము పట్టి ఉన్నా గ్యారేజీవాళ్ళ మాట నిజమే. సన్నటి చెమ్మ ఉన్నంత మాత్రాన మార్చనక్కర్లేదు.

జాకీ తీయకముందే ఖర్చు లేని పనులు చేయండి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానాలు కదులుతున్నాయేమో చూడండి. టైర్లలో గాలి కంపెనీ స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 15–20 వేగంలో అవే గుంతల మీదుగా పోనిస్తూ బ్రేకు తేలిగ్గా నొక్కి పట్టండి. చప్పుడు ఆగిపోతే అది సస్పెన్షన్‌ది కాదు. కాలిపర్‌లో (బ్రేకు ప్యాడ్లని పట్టి నొక్కే భాగంలో) ప్యాడ్లో, అది జారే గైడ్ పిన్నులో వదులై ఆడుతున్నాయి. ప్యాడ్ క్లిప్పులు కొత్తవి వేసి, పిన్నులు తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుంది.

బ్రేకు నొక్కినా ఆగకపోతే ఇక లింక్ రాడ్ చూడాలి. చాలామంది ఇక్కడే ఒక పక్క మాత్రం జాకీ ఎత్తి, రాడ్ పట్టుకుని ఊపి, బాగానే ఉందంటారు. ఒక పక్కే లేస్తే బార్ మెలిపడి రాడ్‌ని బిగపట్టి ఉంచుతుంది, అరిగిన జాయింట్ కూడా కదలదు. బండిని చదునైన నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి చూడండి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ఉంటే ఎడమ చక్రం వెనక సందు తెరుచుకుంటుంది. లోపల స్ట్రట్‌కీ బార్‌కీ మధ్య జానెడు పైచిలుకు సన్నని రాడ్ కనిపిస్తుంది. దాన్ని గట్టిగా పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. టక్ టక్ అని చేతికి తగిలినా, జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు బయటికొచ్చినా మార్చాల్సిందే.

మార్చడానికి రెండు ముందు చక్రాలూ లేపి, రెండు పక్కలా జాక్ స్టాండ్లు పెట్టాలి. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు వేయాలి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే, దాన్ని నమ్మి కిందకి దూరకండి. ఇటుకలు అసలే వద్దు, ఒక్కసారిగా పగులుతాయి.

నట్టు విప్పబోతే లోపలి స్టడ్ (మరలున్న కడ్డీ) కూడా దాంతో పాటే తిరుగుతుంది, ఎందుకంటే అది బాల్ జాయింట్. స్టడ్ కొసన ఉండే గుంటలో 5 లేదా 6 మి.మీ. ఆలెన్ కీ పెట్టి ఆపి, నట్టుని రింగు పానాతో తిప్పాలి. అంతకుముందు మరలని వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. మట్టి తీయకుండా కీ పెడితే గుంట గుండ్రంగా అరిగిపోతుంది, తర్వాత నట్టుని రంపంతో కోయడమే దారి. కొత్త రాడ్లు రెండు పక్కలా వేయండి, నట్లు కూడా కొత్తవే. బిగింపు చాలా చిన్న కార్లలో 40–60 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మోడల్ అంకె వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోండి. గాలి గన్‌తో బిగిస్తే స్టడ్ గిర్రున తిరిగి కొత్త బూటు మొదటి రోజే చిరుగుతుంది.

రాడ్ మీద అనుమానమే తప్ప నిర్ధారణ కాకపోతే, రెండూ తీసేసి, బార్ యాక్సిల్‌కి తగలకుండా తీగతో కట్టి, వీధిలో 20 వేగంలో నడిపి చూడొచ్చు. మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది, జాగ్రత్త. మారుతీ 800, పాత ఆల్టో ఉన్నవాళ్ళు మాత్రం ఈ పని చేయకూడదు. వాటిలో లింక్ రాడ్ ఉండదు. బార్ కొసే లోయర్ ఆర్మ్‌లో (చక్రాన్ని కింద వైపు బండికి కలిపే చెయ్యిలో) దూరి దాన్ని ముందువెనకలకి పోకుండా పట్టి ఉంచుతుంది.

చక్రం ఎలాగూ గాల్లో ఉంటుంది కాబట్టి మిగతావీ చూసేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే (వదులు) ఉందా? ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. ప్లే పోతే వీల్ బేరింగ్, పోకపోతే లోయర్ ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్ మీద అనుమానం. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలేది టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కొస) లేదా స్టీరింగ్ ర్యాక్ (తిప్పితే పక్కలకి జరిగే పళ్ళ కడ్డీ). లోయర్ ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రం బిగించి ఉండే భాగానికీ) మధ్య చిన్న గడ్డపార పెట్టి ఎత్తి చూడండి. బాల్ జాయింట్ కళ్ళకి కనిపించేలా కదిలితే ఆ బండి నడపకండి. అది ఊడితే చక్రం మడత పడిపోతుంది.

బ్రేకు వేసినప్పుడూ రివర్స్‌లోనూ ఒక్కసారి ధడ్‌మంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్షు చూడండి. కొత్తది వేశాక దాని బోల్టుని, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. కొత్త బుష్షు నాసిరకమని తిట్టుకునే చాలా సందర్భాల్లో జరిగేది ఇదే.

కిర్రు కిర్రుమంటే ఒక్కో బుష్షు మీదా నీళ్ళు పోసి బండిని ఊపి చూడండి. ఏది తడిస్తే చప్పుడు ఆగిందో అదే. పాత ఇంజన్ ఆయిల్ మాత్రం పూయకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పితే టంగ్‌మని స్ప్రింగ్ ఎగిరినట్టుంటే స్ట్రట్ మౌంట్ బేరింగ్ (స్ట్రట్ పైకొసన తిరిగే బేరింగ్) పట్టేసింది. అది ఇంట్లో వద్దు. స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ జారితే ప్రాణం మీదకి వస్తుంది.

లింక్ రాడ్లు మార్చినందుకు వీల్ అలైన్‌మెంట్ అక్కర్లేదు. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, స్ట్రట్ వీటిలో ఏది విప్పినా చేయించాల్సిందే.