గీజరు వేస్తే ఆర్‌సీసీబీ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మాది హైదరాబాదులో బోరు నీరు వాడే అపార్టుమెంటు. నాలుగేళ్ల క్రితం కొన్న 15 లీటర్ల గీజరులో కొంతకాలంగా గరగరమని శబ్దం వస్తోంది, నీళ్లు గోరువెచ్చగా మాత్రమే కాగుతున్నాయి. ఇప్పుడు స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్) పడిపోయి ఇంట్లో కరెంటు పోతోంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూసి, కాయిల్ బాగానే ఉందని, ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలుపుతానని అంటున్నారు. కలపమనవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ కలపనివ్వకండి. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య తేడా వస్తే, అంటే కరెంటు ఎక్కడో లీకవుతుంటే, ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లోపే సరఫరాను ఆపేస్తుంది. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ వంటివాటికి ఆంపియర్ల లెక్కన పనిచేసే మామూలు ట్రిప్ స్విచ్ ఎంసీబీకి మనిషి ప్రాణం తీయగల లీకేజీ సైతం పట్టదు.

మీటరులో కాయిల్ బాగున్నట్టు కనిపించడంలో వింత లేదు. 2 కిలోవాట్ల ఎలిమెంటు (మీరు కాయిల్ అంటున్నది) 26 ఓంల ప్రాంతంలో చూపితే లోపలి తీగ తెగలేదని మాత్రమే అర్థం. ఆ తీగ చుట్టూ ఇన్సులేషన్‌గా నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడిలోకి, పై గొట్టానికి పడిన సన్నని పగులు గుండా చెమ్మ చేరితే, తీగ తెగకపోయినా కరెంటు ఆ గొట్టానికీ, దాని నుంచి ట్యాంకులోని నీటికీ పాకుతుంది. వేడికి పగులు విచ్చుకోవడం వల్ల కొద్ది నిమిషాలు ఆలస్యంగా ట్రిప్ కావడం కూడా జరుగుతుంది. గీజరు ప్లగ్గు పూర్తిగా తీసేశాక ఆర్‌సీసీబీ నిలబడితే లోపం గీజరులోనే ఉన్నట్టు. అప్పుడు ఎలిమెంటు తీగలు విప్పి, టెర్మినల్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు మెగ్గర్‌తో పరీక్షించమనండి.

మూలకారణం చాలావరకు మీ బోరు నీరే అయి ఉంటుంది. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం కోరే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు; వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. కఠిన జలం వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం ఎలిమెంటు మీద తెల్లని పెచ్చుగా కడుతుంది. పెచ్చు కింద చిక్కుకున్న నీరు మరగడం వల్లే మీరు విన్న గరగర. ఆ వేడికి ఎలిమెంటు దెబ్బతినడమే కాక, పక్కనే ఉన్న థర్మోస్టాట్ ట్యాంకు మొత్తం కాగిందనుకొని ముందే ఆపేస్తుంది. లోపం లేని గీజరైతే 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 20 నిమిషాలు చాలు.

ఎలిమెంటుతో పాటు గాస్కెట్‌నూ, అరిగిపోయి ఉంటే ఆనోడ్ రాడ్‌నూ (ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీ) మార్పించి, అడుగున పేరుకున్న సున్నం కడిగించండి. ట్యాంకే కారుతుంటే మరమ్మతు దండగ, కొత్తది కొనడమే మేలు. బిగించాక వేడినీళ్ల కొళాయి తిప్పి, ధార నిండుగా వచ్చిన తరువాతే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకులో కొత్త ఎలిమెంటైనా కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకపోతే పెచ్చు కట్టడం కూడా నెమ్మదిస్తుంది.

ప్రశ్న: గీజరు కాగుతున్నంతసేపూ సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయి. దానికి బిరడా బిగించవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బిగించకూడదు. 15 లీటర్ల నీరు 25 నుంచి 60 డిగ్రీలకు కాగేటప్పుడు సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్నచోట ఆ అదనపు నీటికి సేఫ్టీ వాల్వే దారి. దాన్ని మూస్తే ఒత్తిడంతా ట్యాంకు మీద పడుతుంది. గీజరు ఆపి, చల్లారిన తరువాత కూడా కారుతుంటే మాత్రం వాల్వు మార్పించండి.