కొత్త అద్దె చట్టం వస్తే నెల్లూరు వేదాయపాళెంలో మా పాత 11 నెలల అగ్రిమెంటు సంగతేంటి?

మీరు పై పోర్షను నెలకు 9,000 బాడుగకి ఇచ్చారు. 100 రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నారు. గడువు దాటినా బాడుగవాళ్ళు కదల్లేదు, నెలనెలా ఫోన్‌పేలో బాడుగ మాత్రం పడుతోంది. కొత్త చట్టంతో ఖాళీ చేయించడం సులువవుతుందా అని కదన్నా మీ ప్రశ్న? ఈ కాగితంతో అయితే కాదు.

అందరూ చెప్పుకుంటున్నది కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి. పేరుకు తగ్గట్టు అది నమూనానే. ఏ రాష్ట్రమైనా అసెంబ్లీలో చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. మన ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2017లో, 1960 నాటి చట్టం స్థానంలో సొంత అద్దె చట్టం తెచ్చుకుంది. అందుకని యూట్యూబులో విన్న ప్రతి రూలూ నెల్లూరు కోర్టులో చెల్లుతుందనుకోవద్దు. పైగా ఆ నమూనా కూడా పాత ఒప్పందాల జోలికి పోదు.

అసలు చిక్కు 11 నెలల దగ్గరే ఉంది. ఏడాది లోపు లీజుకి రిజిస్ట్రేషను అక్కర్లేదన్నది దేశంలో చాలా చోట్ల సరే. మన దగ్గర 1999 సవరణ నుంచి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టరు చేయించాల్సిందే. చేయించకపోతే గడువు, ఏటా పెంపు లాంటి షరతులకు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. స్టాంపు డ్యూటీ తక్కువ పడి ఉంటే కోర్టులో పెట్టిన రోజే పట్టుకుంటారు, లోటుకు పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు. నోటరీ ముద్ర ఈ రెండింటినీ పూడ్చదు. జిరాక్సు షాపులో అమ్మే అచ్చు ఫారాల్లో ఈ ముక్క ఎక్కడా కనబడదు.

రెండో చిక్కు ఫోన్‌పే. గడువయ్యాక కూడా కిమ్మనకుండా బాడుగ తీసుకుంటుంటే నెలవారీ బాడుగ కింద మీరే ఒప్పుకున్నట్టు వాదిస్తారు. దాన్ని ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. వకీలు చేత రాయించి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు, అందినట్టు వచ్చే కాగితం రెండూ దాచుకోండి. కోపమొచ్చి మోటారు ఆపడం, ఫ్యూజు పీకడం మాత్రం చేయొద్దు. నమూనా చట్టం దాన్ని నేరుగా నిషేధించింది. ఇప్పుడైనా సరే, ఆ ఒక్క పనితో న్యాయం వాళ్ళ వైపుకి మళ్ళుతుంది.

వాళ్ళే ఉంటామంటే కొత్త పత్రం రాసి రిజిస్టరు చేయించండి. ఆ పత్రంలో రాసుకోదగ్గ, ఓనరుకు పనికొచ్చే షరతు నమూనాలో ఒకటుంది. గడువయ్యాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు బాడుగ రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు. మీ లెక్కన 18,000, ఆపైన 36,000. ముగింపు తేదీ స్పష్టంగా ఉంటేనే దీనికి బలం. అడ్వాన్సు ఇళ్ళకు రెండు నెలల బాడుగ మించకూడదంటుంది, షాపులకు ఆరు నెలలు. ట్రంకు రోడ్డు షాపుల ఓనర్లకు ఇది రుచించదు గానీ, మీకు ఇబ్బంది లేదు.

నమూనాలో రిపేర్ల పంపకం కూడా చదవదగ్గది. సున్నం, పెయింటు, పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు బాడుగవాళ్ళవి. ఖాళీ చేసేటప్పుడు పెయింటుకని ఒక నెల బాడుగ పట్టుకునే అలవాటు దీనికి పొసగదు. మీ బోరు ఉప్పునీళ్ళయితే గీజరు కాయిలు పెచ్చు కట్టి త్వరగా పోతుంది, కుళాయి స్పిండిలు పట్టేస్తుంది. అది నీళ్ళ వల్ల పోయింది గానీ వాడకం వల్ల కాదని వాళ్ళంటారు, అందులో న్యాయమూ ఉంది. కాయిలు మీది, కుళాయి వాళ్ళదని ముందే రాసేయండి. మోటారు కరెంటు ఎవరి మీటరు మీద నడుస్తోంది, ఎవరి వాటా ఎంత అన్నదీ రాయండి. తాళాలిచ్చే రోజు మీటరు రీడింగు ఫోటో, గోడల ఫోటోలు తీసి ఇద్దరి వాట్సాప్‌లో ఉంచుకోండి.

ఇప్పటికే నోటీసిచ్చి ఉంటే మాత్రం, పత్రం కుదిరేదాకా వచ్చే బాడుగను ‘నోటీసుకు భంగం లేకుండా తీసుకుంటున్నాం’ అని ప్రతి నెలా ఒక మెసేజి పెట్టి తీసుకోండి.