యాడ్‌స్లాషెస్ వాడుతున్నా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు అవసరమా?

ఫారంలో వచ్చే ప్రతి విలువనూ యాడ్‌స్లాషెస్‌తో (అపాస్ట్రఫీ వంటి గుర్తుల ముందు స్లాష్ చేర్చే పీహెచ్‌పీ ఫంక్షన్) శుభ్రం చేస్తున్నాను, ఇంకా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (డేటాబేస్‌కు ఆదేశాన్నీ విలువలనూ విడివిడిగా పంపే పద్ధతి) కూడా వాడాలా అని అడిగారు. యాడ్‌స్లాషెస్ తీసేసి వాటినే వాడండి. నేనూ కొన్నేళ్లు మీలాగే రాశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక సంఘానికి సభ్యత్వ నమోదు పేజీలు రాశాను. ఫారం నుంచి వచ్చిన ప్రతి విలువా యాడ్‌స్లాషెస్ దాటి వెళ్లేది. కొన్నాళ్లకు ఒక సభ్యురాలి నుంచి ఫిర్యాదు వచ్చింది. నమోదు బాగానే జరిగిందట, చిరునామా మార్చబోతే మాత్రం ఖాళీ పేజీ వస్తోందట. ఆవిడ ఇంటిపేరు డిసౌజా. ఇంగ్లీషులో 'డి' తర్వాత అపాస్ట్రఫీ పెట్టి రాస్తారు. లాగ్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) సింటాక్స్ దోషం కనిపించింది. ఎక్కడిదో చాలాసేపు అంతుపట్టలేదు. యాడ్‌స్లాషెస్ చేర్చే స్లాష్ క్వెరీ (డేటాబేస్‌కు పంపే ఆదేశం) దాటేవరకే ఉంటుంది, పట్టికలో చేరేది అసలు పేరే, అపాస్ట్రఫీతో సహా. చిరునామా పేజీలో ఆ పేరును డేటాబేస్ నుంచి తీసి, మన దగ్గరున్నదే కదా అన్న ధీమాతో మరో క్వెరీలో అలాగే అతికించాను. అపాస్ట్రఫీ దగ్గరే పేరు ముగిసిందని డేటాబేస్ అనుకుంది.

వెంటనే ఒక అనుమానం పట్టుకుంది. పరీక్షల కోసం ఉంచుకున్న నకలు డేటాబేస్‌లో కొత్త సభ్యుణ్ణి చేర్చాను. పేరు గడిలో ఒక అక్షరం, ఒక అపాస్ట్రఫీ, ఆ వెనుక 'లేదా ఒకటి ఒకటికి సమానమైతే' అనే అర్థం వచ్చే ఎస్‌క్యూఎల్ ముక్క రాశాను. నమోదు నిక్షేపంగా జరిగింది. ఆ పేరుతో లాగిన్ అయి చిరునామా మార్చి, పట్టిక తెరిచాను. సభ్యులందరి చిరునామా ఒక్కటే! ప్రతి వరుసలోనూ అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో ముందు క్వెరీ ఒక్కటే సర్వర్‌కు వెళ్తుంది, విలువల చోట ప్రశ్నార్థకాలతో. ఆదేశం ఏమిటో సర్వర్ తేల్చుకున్నాకే విలువలు విడిగా చేరతాయి. ఇక పేరులో ఏ గుర్తు ఉన్నా అది పేరుగానే మిగులుతుంది. యాడ్‌స్లాషెస్‌కు ఆ శక్తి లేదు. జీబీకే (చైనీస్ అక్షరాల కోసం వాడేది) వంటి అక్షర సంకేతాల్లో అది చేర్చిన స్లాష్ ముందున్న బైటుతో కలిసిపోయి ఒకే అక్షరమవుతుంది, అపాస్ట్రఫీ మళ్లీ బయటపడుతుంది. స్లాషులను తనంతట తానే చేర్చే మ్యాజిక్ కోట్స్‌ను పీహెచ్‌పీయే 2012లో, 5.4 వెర్షన్‌లో తొలగించింది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు రాయడానికి వాడే పీడీఓ 2005 నుంచీ పీహెచ్‌పీతోనే వస్తోంది. అయినా ఈనాటికీ పాఠాల్లో చుక్కలు పెట్టి (పీహెచ్‌పీలో మాటలను కలిపే గుర్తు చుక్కే) క్వెరీలు అతికించడమే నేర్పుతున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగా అన్యాయం.

నాకు ఇంకా కోపం తెప్పించేది పేర్లలో అపాస్ట్రఫీని నిషేధించే ఫారాలు. మనిషి పేరు మనిషిది, మన క్వెరీ చేతకానితనానికి ఆ మనిషి పేరు మార్చుకోవాలా? పాస్‌వర్డ్‌లో ఫలానా గుర్తులు వాడరాదని రాసి ఉంటే నాకు ఆ సైటు మీదే నమ్మకం పోతుంది. హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి దాచే పాస్‌వర్డ్‌కు ఏ గుర్తు ఉంటే ఏమిటి?

ఆ సంఘం క్వెరీలన్నీ తిరగరాశాను. అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పీడీఓ మామూలుగా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లను అనుకరిస్తుంది, అంటే విలువలను తానే క్వెరీలో పెట్టి పంపుతుంది, ఆ ఎమ్యులేషన్‌ను ఆపేయండి. కాలమ్ పేర్లకు ప్రశ్నార్థకం పనిచేయదు. వరుస క్రమం మార్చే లింకుల్లో వచ్చే కాలమ్ పేరు మీరు ముందే రాసుకున్న జాబితాలో ఉంటేనే ఒప్పుకోండి. మీ కోడ్‌లో ఫారం పేజీలకన్నా ముందు, డేటాబేస్ నుంచి తీసిన విలువను మళ్లీ క్వెరీలో పెట్టే పేజీలు వెతకండి.