డబ్బు లేదంటే ఏ పద్దులో లేదో అడగండి

మీకు ఇంటిపన్ను పెంచుతూ నోటీసు వచ్చిందన్నారు. వీధిలో కాలువ కట్టమంటే మాత్రం మునిసిపాలిటీ డబ్బు లేదంటోంది, బడ్జెట్ మీటింగ్ రోజు అందరం కలిసి వెళ్ళి అడిగితే పనవుతుందా అని అడిగారు. నా అనుభవంలో ఆ రోజుకు చాలా ఆలస్యం అయిపోతుంది. మేం రెండేళ్ళు అదే పొరపాటు చేశాం.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్ళున్న ఊళ్ళలో మాదొకటి. పేరు రాయను, ఆ ఆఫీసుతో మాకింకా పని ఉంది. ఇంట్లో, వీధిలో తెలుగే. ఆఫీసుకు వెళ్తే అన్నీ ఒడియా కాగితాలు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా సాహిలో, అంటే మా వీధిలో, ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. పక్కింటి అత్త బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కించి, రాత్రంతా మేడమెట్ల మీద కూర్చుంది. అంత పెద్ద తుఫానుకు ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ తర్వాత మామూలు వానకు కూడా అదే గతి, ఎందుకంటే నీళ్ళు పోయే దారే లేదు. అడుగుదామంటే ఆ ఏడాదే పాత కౌన్సిల్ గడువు ముగిసింది. 2022 మార్చి 24న పోలింగ్ జరిగేదాకా మాకు కౌన్సిలరే లేడు.

కొత్త కౌన్సిల్ వచ్చాక రెండుసార్లు బడ్జెట్ మీటింగ్ రోజునే వెళ్ళి అర్జీ ఇచ్చాం. తీసుకున్నారు, చూద్దామన్నారు. అర్జీ ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలని మాకు తట్టలేదు. మూడోసారి మాకు మావయ్య వరసయ్యే ఒకాయన కలిశారు. వేరే ఊరి మునిసిపాలిటీలో లెక్కలు రాసి రిటైరయ్యారు. ఆయన అడిగిన మొదటి మాట ఇది: "డబ్బు లేదన్నారు సరే, ఏ పద్దులో లేదన్నారు?"

అప్పుడు తెలిసింది. మునిసిపాలిటీకి ఒకే సంచి ఉండదు. మనం కట్టే పన్నులది ఒకటి, రాష్ట్రం ఇచ్చేది ఒకటి, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఇంకొకటి. 2021-22 నుంచి 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘం మన లాంటి ఊళ్ళకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం ఫలానా పనులకే వాడాలని ముందే ముడిపెట్టిన డబ్బు. అందులో సగం పారిశుద్ధ్యానికి, చెత్త పనులకు, సగం తాగునీరు, వాననీటి నిల్వ లాంటివాటికి వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. అందుకే ఒక పక్క చెత్త బండ్లు కొంటుంటే ఇంకో పక్క కాలువకు డబ్బు లేదనడం జరుగుతుంది. ఇది తెలియక నేను కౌన్సిలర్ మీద చాలా కోప్పడ్డాను, తర్వాత వెళ్ళి ఆయనతో మాట్లాడాను.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మా కాలువకు అసలు ఎస్టిమేటే వేయలేదు. జూనియర్ ఇంజినీర్ వచ్చి కొలిచి, ఖర్చు లెక్క కట్టకపోతే ఆ పని యాక్షన్ ప్లాన్‌లోకి, అంటే ఆ ఏడాది చేసే పనుల జాబితాలోకి, ఎక్కదు. ప్లాన్‌లో లేని పని మీద కౌన్సిల్‌లో చర్చే రాదు. బడ్జెట్ ఏప్రిల్ 1 లోపు పాస్ కావాలి కాబట్టి ఈ కొలతల పని దసరా, దీపావళి రోజుల్లోనే కావాలి. మేం మార్చిలో పరిగెత్తేవాళ్ళం.

మీరు చేయాల్సింది: ముందు కౌన్సిలర్‌తో కలిసి ఇంజినీర్‌ను వీధికి రప్పించండి, వీలైతే వాన పడ్డ మర్నాడు. అర్జీ ఒడియాలో రాయించి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత కౌన్సిల్ తీర్మానం నంబరు అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద బడ్జెట్ కాపీ, యాక్షన్ ప్లాన్ కాపీ అడగండి. ఒడిశాలో దానికి ఫారం 'ఏ' ఉంటుంది, గుర్తింపు కార్డు జత చేయాలి, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఏదో ఒకదానిలో ఉండాలి. మాకు కాలేజీలో చదివే ఒక పాప రాసిపెట్టింది.

ఇక పన్ను. కాలువ కట్టేదాకా పన్ను కట్టవద్దని మా వీధిలోనూ కొందరన్నారు. ఆ కోపం నాకూ ఉంది. 1950 నాటి ఒడిశా మునిసిపల్ చట్టం హోల్డింగ్ ట్యాక్స్‌తో (అదే ఇంటిపన్ను) పాటు నీటికి, వీధి దీపాలకు, డ్రైనేజీకి విడివిడిగా పన్ను వేయనిస్తుంది. రసీదులో డ్రైనేజీ గడి చూసినప్పుడల్లా కడుపు మండేది. అయినా మానవద్దనే చెబుతాను. 15వ ఆర్థిక సంఘం గ్రాంటుకు పెట్టిన షరతుల్లో ఆస్తిపన్ను వసూళ్ళు ఏటా పెరగాలన్నది ఒకటి. మనం ఆపితే అలాంటి గ్రాంటుకే గండి పడుతుంది. దానికి బదులు నోటీసులో వేసిన వార్షిక విలువ, అంటే ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చన్న అంచనా, సరిచూడండి, పన్నంతా దాని మీదే లెక్క. మా ముందు గది ఎప్పుడూ అద్దెకివ్వలేదు, కానీ దుకాణం అని రాశారు. గడువులోగా అభ్యంతరం ఇచ్చి, కరెంటు బిల్లు చూపిస్తే సరిచేశారు. గడువు దాటితే చాలా తిప్పలు, నోటీసు మీద తేదీ ఈ రోజే చూడండి.

మా కాలువ సగం అయింది. మొదటి ముక్క ముక్తా పథకంలో వచ్చింది. 2020లో కోవిడ్ రోజుల్లో పట్టణ కూలీలకు పని ఇవ్వడానికి రాష్ట్రం మొదలుపెట్టిన పథకమే తర్వాత ఆ పేరుతో నడిచింది. అందులో కాంట్రాక్టర్ లేడు, మా దగ్గర మహిళా సంఘమే పని చేయించింది. మా సాహి సంఘంలో మన తెలుగు ఆడవాళ్ళు నలుగురున్నారు. ఎండలో నిలబడి, సిమెంటు పాళ్ళు తగ్గకుండా దగ్గరుండి చేయించారు. మొన్నటి వానకు అత్త వాళ్ళింట్లోకి నీళ్ళు రాలేదు. గుడి మలుపు దగ్గర రెండో ముక్కకు ఎస్టిమేట్ అయింది, తీర్మానం కాపీ నా దగ్గరుంది. మేం ఒడియాలో ఇచ్చిన అర్జీ నమూనా కావాలంటే చెప్పండి, ఇక్కడే పెడతాను.